బరువున్న తల్లికి స్కానింగ్‌లో చెప్పే బిడ్డ బరువు ఎంతవరకు నమ్మాలి?

కాజీపేట_చెల్లె

అందరికీ నమస్తే. నాకు 37 వారాలు నిండాయి. ఇది రెండో కాన్పు. పెద్దపాప నార్మల్‌గానే పుట్టింది, 3.1 కిలోలు. అప్పుడు నేను 70 కిలోల లోపే ఉండేదాన్ని. ఈసారి నెల తప్పేనాటికే 84 ఉన్నాను, ఇప్పుడు 94. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు.

మొన్న హనుమకొండలో స్కానింగ్ చేయించుకున్నాను. బిడ్డ బరువు 3646 గ్రాములని వచ్చింది. స్కాన్ చేస్తున్నంతసేపూ ప్రోబ్ గట్టిగా ఒత్తుతూ, "కొవ్వు మందంగా ఉందమ్మా, సరిగ్గా కనిపించట్లేదు" అంటూనే ఉన్నారు. రిపోర్టులో మాత్రం గ్రాములతో సహా రాసిచ్చారు. అది చూసి మా డాక్టరమ్మ, "బిడ్డ పెద్దది, నువ్వూ బరువున్నావు, 38 వారాలకు ఆపరేషన్ పెట్టుకుందాం" అన్నారు. మా అత్తమ్మ అప్పుడే అయ్యగారి దగ్గరికి వెళ్లి ముహూర్తం అడిగొచ్చింది. నాకేమో రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు.

నేను అడిగేది ఒక్కటే. నా ఒంటి కొవ్వు కూడా బిడ్డ లెక్కలో కలుస్తుందా? నాలాంటి వాళ్లకు ఈ బరువు లెక్క ఎంతవరకు సరిపోతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

పరకాల_నాన్న

చెల్లె, టెన్షన్ పడకు. మా ఇంట్లో జరిగింది చెప్తాను. స్కానింగ్‌లో 4 కిలోలు అన్నారు, నార్మల్ కష్టమన్నారు, భయపెట్టి ఆపరేషన్ చేశారు. బాబు 3.3 కిలోలు పుట్టాడు. మా ఆవిడ కూడా లావుగానే ఉంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్క చూడండి, మన తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, దేశంలో అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ. ప్రైవేటులో అయితే నూటికి 80 దాటింది. నా మాట వింటే ఆ రిపోర్టు పక్కన పడేయ్.

మంచిర్యాల_అక్క

అన్నా, మీ కోపం అర్థమవుతుంది కానీ రిపోర్టు పక్కన పడేయమని మాత్రం చెప్పకండి. మాకు దానికి ఉల్టా జరిగింది. నాకు కాన్పు టైంలో షుగర్ వచ్చింది, ఇన్సులిన్ మీద ఉన్నాను. స్కానింగ్‌లో 3.4 అన్నారు. పాప 4 కిలోలకు కొంచెం తక్కువ పుట్టింది. తల బయటికి వచ్చాక భుజం ఇరుక్కుంది. లేబర్ రూంలో ఇద్దరు సిస్టర్లు నా రెండు కాళ్లూ పొట్ట మీదికి మడిచి పట్టుకున్నారు, ఇంకొకరు పొత్తికడుపు మీద ఒత్తారు. దేవుడి దయవల్ల పాప చెయ్యి బాగుంది. స్కానింగ్ తప్పు ఎక్కువ వైపే ఉంటుందని అనుకోవద్దు, తక్కువ వైపు కూడా ఉంటుంది.

చెల్లె, నీ షుగర్ రిపోర్టు ఏమైంది?

కాజీపేట_చెల్లె

ఆరో నెలలో గ్లూకోజ్ నీళ్లు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీశారు అక్కా. 132 వచ్చింది. 140 లోపు ఉంది కాబట్టి షుగర్ లేదన్నారు. మళ్లీ చేయలేదు.

కరీంనగర్_రేడియాలజిస్టు

కాజీపేట అమ్మా, మీ ప్రశ్న నేను రోజూ వినేదే. రిపోర్టులో బీపీడీ, హెచ్‌సీ, ఏసీ, ఎఫ్‌ఎల్ అని నాలుగు కొలతలు ఉంటాయి. అవి ఇక్కడ రాయండి. బరువు పక్కన ± గుర్తు పెట్టి ఇంకో అంకె ఉందేమో కూడా చూడండి. పేరు, ఫోన్ నంబరు కనిపించేలా ఫొటో మాత్రం పెట్టకండి.

ఈలోపు మీ మొదటి ప్రశ్నకు జవాబు. మీ కొవ్వు బిడ్డ బరువులో కలవదు. స్కానింగ్ మిషను బిడ్డను తూకం వెయ్యదు. తల అడ్డం కొలత (బీపీడీ), తల చుట్టుకొలత (హెచ్‌సీ), పొట్ట చుట్టుకొలత (ఏసీ), తొడ ఎముక పొడవు (ఎఫ్‌ఎల్), ఈ నాలుగింటినీ తెర మీద గుర్తులు పెట్టి కొలుస్తాం. వాటిని మిషను ఒక సూత్రంలో వేసి బరువు కడుతుంది. మన దగ్గర ఎక్కువగా వాడేది 1985లో హాడ్‌లాక్ బృందం ఇచ్చిన సూత్రం. అందులో తల్లి బరువుకు చోటే లేదు. మీరు 50 కిలోలున్నా 94 ఉన్నా, నాలుగు కొలతలు ఒకటే అయితే బిడ్డ బరువు ఒకటే వస్తుంది.

తల్లి బరువు అడ్డం వచ్చేది ఇంకోచోట. శబ్ద తరంగం కొవ్వులోంచి వెళ్తూ బలం కోల్పోతుంది. ఒక్కో సెంటీమీటరుకు, ఒక్కో మెగాహెర్ట్జ్‌కు సుమారు అర డెసిబెల్ చొప్పున తగ్గుతుంది. 3.5 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌తో చూస్తున్నప్పుడు 5 సెంటీమీటర్ల కొవ్వు అదనంగా ఉంటే, పోనూ రానూ కలిపి 17 డెసిబెల్స్ దాకా పోతుంది. అంటే తిరిగొచ్చే శక్తిలో వందకు రెండు వంతులు కూడా మిగలవు. మిషను దాన్ని పెంచి చూపిస్తుంది కానీ, దాంతోపాటు రొద (నాయిస్) కూడా పెరుగుతుంది. అంచులు మసకబారతాయి. గుర్తు ఎక్కడ పెట్టాలో కచ్చితంగా తేలదు. మీకు స్కాన్ చేసినాయన "కనిపించట్లేదు" అన్నది దీని గురించే. ఆ మాట రిపోర్టులో కూడా రాసి ఉండాల్సింది. రాయడం మా బాధ్యత.

కాజీపేట_చెల్లె

చాలా థాంక్స్ సార్. కొలతలు ఇవి: బీపీడీ 9.3 సెం.మీ., హెచ్‌సీ 33.4, ఏసీ 36.1, ఎఫ్‌ఎల్ 7.3. బరువు దగ్గర "3646 ± 547 గ్రా." అని ఉంది. ఉమ్మనీరు 15, సరిపోను ఉందని రాశారు. తల కిందికే ఉంది. ఆ 547 ఏంటో నాకెవరూ చెప్పలేదు.

కరీంనగర్_రేడియాలజిస్టు

ఆ 547 మీద నేను కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే చాలామంది ఇళ్లలో దాన్ని చదవకుండానే నిర్ణయాలు జరిగిపోతున్నాయి.

అది 3646లో 15 శాతం. అంటే మిషను మీకు చెబుతున్నది ఇది: బిడ్డ 3.1 కిలోలు ఉండొచ్చు, 4.2 కిలోలూ ఉండొచ్చు. మీ పెద్దపాప పుట్టిన బరువు కూడా ఈ పరిధిలోకే వస్తుంది. అన్నీ సరిగ్గా చేసిన స్కాన్‌లో కూడా చాలామంది బిడ్డల అసలు బరువు 10 శాతం అటూ ఇటూ ఉంటుంది, కొందరిలో అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. పెద్ద బిడ్డలను కొంచెం తక్కువగా, చిన్న బిడ్డలను కొంచెం ఎక్కువగా చూపించే గుణం కూడా ఈ సూత్రానికి ఉంది. మంచిర్యాల అక్కకు జరిగింది అదే.

ఇక మీ నాలుగు కొలతలు విడివిడిగా చూడండి. తల, తొడ ఎముక 37 వారాలకు దగ్గరగానే ఉన్నాయి. పొట్ట ఒక్కటే బాగా ముందుంది. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు.

ఒకటి, పొట్ట నిజంగానే పెద్దది. తల్లికి షుగర్ ఉంటే బిడ్డకు కొవ్వు పొట్ట దగ్గర, భుజాల దగ్గర చేరుతుంది, తల మామూలుగానే ఉంటుంది. ఆరో నెలలో 132 అంటే హద్దుకు దగ్గరే. ఆ తర్వాత మీ బరువు కూడా పెరిగింది కాబట్టి మళ్లీ పరీక్ష చేయమని డాక్టరమ్మను అడగండి.

రెండోది, కొలత తీసిన అడ్డకోత బొమ్మ సరిగా పడలేదు. పొట్ట చుట్టుకొలత ఒక నిర్దిష్టమైన చోటే తీయాలి. బిడ్డ జీర్ణాశయం, కాలేయంలోని బొడ్డు సిర రెండూ ఒకే తెరలో కనిపించాలి, మూత్రపిండాలు కనిపించకూడదు, ఆకారం గుండ్రంగా ఉండాలి. కీరదోసను ఏటవాలుగా కోస్తే ముక్క పెద్దగా వచ్చినట్టు, ప్రోబ్ వాలితే చుట్టుకొలత పెరుగుతుంది. మసకగా ఉన్న బొమ్మలో ఈ వాలు తెలుసుకోవడం కష్టం.

మీ అంకెలతోనే లెక్క కట్టి చూశాను. మిగతా మూడూ అలాగే ఉంచి ఏసీ ఒక్కటే 36.1 నుంచి 35.1కి తగ్గిస్తే, బరువు 3646 నుంచి దాదాపు 3480కి దిగుతుంది. ఒక్క సెంటీమీటరు తేడాకు 160 గ్రాములు.

స్టాఫ్‌నర్సు_జగిత్యాల

సార్ బాగా చెప్పారు. నేను లేబర్ రూంలో పనిచేస్తాను. చేతితో, టేపుతో వేసే అంచనా గురించి కూడా చెప్తాను, బరువున్న తల్లుల విషయంలో తేడా కొట్టేది ముందుగా అక్కడే.

జాన్సన్ సూత్రం అని ఒకటుంది. పొత్తికడుపు కింద ఉండే కటి ముందు ఎముక పైనుంచి గర్భసంచి పైఅంచు దాకా టేపుతో కొలుస్తాం. తల ఇంకా పైనే ఉంటే అందులోంచి 12, కిందికి దిగి ఉంటే 11 తీసేసి 155తో గుణిస్తాం. ఉదాహరణకు 35 సెం.మీ. వస్తే, 23ను 155తో గుణిస్తే 3565 గ్రాములు. ఇందులో తల్లి 91 కిలోలు దాటితే టేపు కొలతలో ఒక సెంటీమీటరు తగ్గించాలని రాసి ఉంది. అలా తగ్గిస్తే 3410 వస్తుంది. స్కానింగ్ సూత్రంలో లేని తల్లి బరువు ఇక్కడ ఉంది, ఎందుకంటే టేపు పోయేది తల్లి పొట్ట మీదినుంచే. ఇంకొందరు నడుము చుట్టుకొలతను గర్భసంచి ఎత్తుతో గుణిస్తారు. అది లావుగా ఉన్నవాళ్లకు అస్సలు పనికిరాదు, అందులో కొవ్వు నేరుగా కలిసిపోతుంది.

అందుకే బాగా బరువున్న తల్లుల్లో టేపును నమ్ముకోవద్దు, ఎదుగుదల స్కాన్లే చేయించాలని బ్రిటన్ డాక్టర్ల సంఘం కూడా చెప్పింది. పరకాల అన్నా, స్కాన్ పక్కన పడేస్తే వాళ్లకు మిగిలేది ఇంకా మసక లెక్కే.

ఇంకో మాట. ఇదివరకు కాన్పు అయిన తల్లిని "ఈసారి బిడ్డ పెద్దగా ఉన్నట్టు అనిపిస్తోందా?" అని అడిగితే, ఆమె చెప్పేది స్కానింగ్‌కు ఏమీ తీసిపోదని పరిశోధనల్లో తేలింది. మా వార్డులో పెద్ద సిస్టర్లు ముందు ఆ ప్రశ్నే అడుగుతారు. చెల్లె, నీకేమనిపిస్తోంది?

కాజీపేట_చెల్లె

పెద్దపాపకంటే కొంచెం బరువుగా ఉంది సిస్టర్, మరీ అంత పెద్దగా అనిపించట్లేదు. ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

నర్సంపేట_కోడలు

నాదొక డౌటు. నేను కూడా 90 పైనే ఉన్నాను, ఐదో నెల నడుస్తోంది. లావుగా ఉన్నవాళ్లకు బరువు లెక్క సన్నగా ఉన్నవాళ్లకంటే ఎక్కువ తప్పుతుందా? స్కాన్ ఖర్చు దండగేనా?

కరీంనగర్_రేడియాలజిస్టు

దండగ కాదమ్మా. దీని మీద చాలా దేశాల్లో చూశారు. సన్నటి తల్లుల్లో, బరువున్న తల్లుల్లో శాతం తేడా పోల్చినప్పుడు, చాలా పరిశోధనల్లో రెండింటికీ పెద్ద వ్యత్యాసం కనిపించలేదు. కొన్నింటిలో బరువున్నవాళ్లకు కొంచెం ఎక్కువ వచ్చింది. కారణం సులభమే. నెలలు నిండిన బిడ్డ తల, తొడ ఎముక పెద్దవి, గట్టివి. మసకలో కూడా దొరుకుతాయి. కొవ్వు వల్ల నిజంగా నష్టపోయేది మీ నెలలో చేసే టిఫా స్కాన్. 18–22 వారాల్లో గుండె గదులు, వెన్నుపూస, పెదవి లాంటివి చూడాలి. అవి చాలా చిన్నవి. అందుకని మీరు టిఫాకు వెళ్లినప్పుడు ఒక్కసారికే అన్నీ కనిపించకపోతే, మళ్లీ రమ్మంటే తప్పకుండా వెళ్లండి. ఇప్పుడు టిఫా మిషన్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ పెట్టారు.

మేం చేయగలిగేవి కూడా ఉన్నాయి. తల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టి నడుము వైపు నుంచి చూడొచ్చు. పొట్ట మడత పైకెత్తి దాని కింద, కొవ్వు పలచగా ఉన్నచోట ప్రోబ్ పెట్టొచ్చు. బొడ్డు దగ్గర కొవ్వు పొర పలచన, అక్కడినుంచి కూడా చూడొచ్చు. తక్కువ మెగాహెర్ట్జ్‌కు మార్చొచ్చు. ఏసీని రెండు మూడుసార్లు కొలిచి సగటు తీసుకోవచ్చు. వీటన్నిటికీ టైం కావాలి. బయట యాభైమంది కూర్చున్న సెంటర్లో ఆ టైం దొరకదు. సాయంత్రం రద్దీ తగ్గాక వస్తామని అడగండి, అడగడంలో తప్పులేదు.

పరకాల_నాన్న

సార్, నేను స్కాన్ వద్దనట్లేదు. ఆ అంకె చూపించి కోయడం వద్దంటున్నాను. అసలు ఎన్ని కిలోలు దాటితే ఆపరేషన్ అవసరం? అది చెప్పండి.

కరీంనగర్_రేడియాలజిస్టు

మంచి ప్రశ్న. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెప్పేది: షుగర్ లేని తల్లికి అంచనా బరువు 5 కిలోలు, షుగర్ ఉన్న తల్లికి 4.5 కిలోలు ఉంటే, ముందుగానే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. బిడ్డ పెద్దదన్న అనుమానం ఒక్కదాంతో 39 వారాల లోపు కాన్పు చేయొద్దని కూడా అంది. మన ఆడవాళ్ల ఎత్తు, కటి వేరు, మన బిడ్డల సగటు బరువు 3 కిలోల లోపే, కాబట్టి ఆ అంకెలనే ఇక్కడ గీత గీసినట్టు పెట్టలేం. డాక్టరు తల్లిని పరీక్షించి చెప్పాలి. కానీ 3.6 కిలోల అంచనా ఎవరి లెక్కలోనూ దానంతట అది ఆపరేషన్‌కు కారణం కాదు.

1996లో ఒక లెక్క కట్టారు. షుగర్ లేని తల్లుల్లో 4.5 కిలోల అంచనా దాటిన ప్రతిసారీ ఆపరేషన్ చేస్తే, ఒక్క బిడ్డకు భుజం ఇరుక్కుని చేతి నరం శాశ్వతంగా దెబ్బతినకుండా ఆపడానికి 3695 ఆపరేషన్లు చెయ్యాలి. షుగర్ ఉన్నవాళ్లలో అయితే 443 చాలు. ఒకే బరువు అంచనాకు షుగర్ ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం. అందుకే నేను చెల్లెకు ముందు షుగర్ చూడమన్నాను.

స్టాఫ్‌నర్సు_జగిత్యాల

భుజం ఇరుక్కోవడం పెద్ద బిడ్డలకే జరుగుతుందని కూడా అనుకోవద్దు. దాదాపు సగం 4 కిలోల లోపు బిడ్డల్లోనే జరుగుతాయి. మంచిర్యాల అక్క చెప్పినట్టు కాళ్లు మడిచి పట్టుకోవడం, పొత్తికడుపు మీద ఒత్తడం ప్రతి లేబర్ రూంలో అందరికీ వచ్చి ఉండాలి. మాకు బొమ్మ మీద నేర్పిస్తారు.

ముహూర్తం విషయంలో ఒక్కమాట. 38 వారాలకు నొప్పులు రాకుండానే ఆపరేషన్ చేస్తే, కొందరు బిడ్డలకు ఊపిరితిత్తుల్లో నీరు ఆరక ఆయాసం వస్తుంది. తల్లి దగ్గర ఉండాల్సిన బిడ్డ పసిపిల్లల ఐసీయూలో (ఎన్‌ఐసీయూ) ఉంటుంది. తల్లి బరువుంటే కుట్లు మానడం ఆలస్యం, చీము పట్టే అవకాశం, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఎక్కువే. బరువుందని ఆపరేషన్ అంటున్నప్పుడు, బరువువల్ల ఆపరేషన్‌లో వచ్చే ఇబ్బంది కూడా అదే నోటితో చెప్పాలి. అత్తమ్మను కూడా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లు చెల్లె, ఆమె కూడా వినాలి.

మంచిర్యాల_అక్క

అవును. అలాగని భయపడి ఆసుపత్రి మానెయ్యకు. నాకు ఆ రోజు అంతమంది సిస్టర్లు, పిల్లల డాక్టరు దగ్గర ఉన్నారు కాబట్టి గండం గడిచింది. నార్మల్‌కు చూద్దాం అనుకున్నా, రాత్రి కూడా ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టరు ఉండే చోటే ఉండాలి.

కాజీపేట_చెల్లె

అందరికీ దండాలు. కొత్త విషయం చెప్పడానికి వచ్చాను. షుగర్ మళ్లీ చేయించాను, 128 వచ్చింది. వేరేచోట సాయంత్రం పూట స్కాన్ చేయించాను. ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, పొట్ట మడత నన్నే పైకి పట్టుకోమన్నారు. ఏసీ మూడుసార్లు కొలిచారు. ఈసారి బీపీడీ 9.3, హెచ్‌సీ 33.5, ఏసీ 35.0, ఎఫ్‌ఎల్ 7.3. బరువు 3472 ± 521. "తల్లి శరీర బరువు వల్ల స్పష్టత తక్కువ" అని కింద రాశారు కూడా.

రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి డాక్టరమ్మను ఆ ± గురించి అడిగాను. ఆమె కోప్పడలేదు. లోపల పరీక్ష చేసి, కటి బాగానే ఉంది, మొదటి కాన్పు నార్మల్ కాబట్టి 39 దాటేవరకు ఆగుదాం, బీపీ మాత్రం వారానికి రెండుసార్లు చూపించుకోమన్నారు. మా అత్తమ్మ పక్కనే ఉండి అంతా విన్నది.

కరీంనగర్_రేడియాలజిస్టు

మంచిది. కొన్ని రోజుల తేడాతో బరువు 170 గ్రాములు తగ్గిందని, బిడ్డ చిక్కిందని మాత్రం ఎవరూ కంగారుపడొద్దు. తల, తొడ మారలేదు, ఏసీ ఒక్కటే మారింది. ఇది కొలత తేడా. డాక్టరమ్మ బీపీ చూడమన్నది చాలా సరైన మాట. మీ బరువుకు బీపీ, మూత్రంలో ప్రొటీన్ మీద కన్నేసి ఉంచడం ముఖ్యం.

భూపాలపల్లి_తమ్ముడు

సార్, మాది దీనికి ఉల్టా సమస్య. మా అక్క 43 కిలోలే ఉంటుంది. 36 వారాలు. బిడ్డ 2100 గ్రాములు అన్నారు. సన్నగా ఉన్నవాళ్లకు బొమ్మ బాగా కనిపిస్తుంది కదా, అంటే ఈ లెక్క పక్కానా? తినడం పెంచితే సరిపోతుందని ఇంట్లో అంటున్నారు.

కరీంనగర్_రేడియాలజిస్టు

బొమ్మ బాగున్నా సూత్రం అదే తమ్ముడూ. 15 శాతం లెక్కన 1785 నుంచి 2415 వరకు ఏదైనా కావచ్చు. చిన్న బిడ్డలను ఈ సూత్రం కొంచెం ఎక్కువ చూపిస్తుందని పైన రాశాను, కాబట్టి మీ విషయంలో తక్కువ వైపే ఎక్కువ జాగ్రత్త కావాలి. తినడం మంచిదే, కానీ తిండి మీద వదిలేసి ఆగొద్దు. బొడ్డుతాడులో రక్తప్రసరణ ఎలా ఉందో డాప్లర్ చేయించారా? మూడో నెలలో చేసిన మొదటి స్కాన్ ప్రకారం కూడా 36 వారాలేనా? వారాలు తప్పుగా లెక్కేస్తే మామూలు బిడ్డ కూడా చిన్నగానే కనిపిస్తుంది.

స్టాఫ్‌నర్సు_జగిత్యాల

తమ్మి, అక్క బిడ్డ కదలికలు రోజూ గమనించుకుంటోందా? మామూలుకంటే తగ్గినట్టు అనిపిస్తే పొద్దున దాకా ఆగకుండా 108 అంబులెన్స్‌కు ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. దీనికి ముందు చేసిన స్కాన్ ఏ తేదీదో, అందులో ఏసీ ఎంత ఉందో చూసి ఇక్కడ రాయి. రెండు స్కాన్ల మధ్య కనీసం రెండు వారాలుంటేనే ఎదుగుదల తెలుస్తుంది.

భూపాలపల్లి_తమ్ముడు

డాప్లర్ చేయలేదు సిస్టర్. కదలికలు బాగానే ఉన్నాయంటోంది. పాత ఫైలు పుట్టింట్లో ఉంది, ఇప్పుడే వెళ్లి తెస్తున్నాను. రేపు పొద్దున్నే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లి డాప్లర్ అడుగుతాం.